అల్లాయ్ వీల్స్‌కు పట్టిన బ్రేక్ పొడిని ఎలా వదిలించాలి?

తిరుమల నుంచి కిందికి దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. సుమారు 19 కిలోమీటర్ల దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కేటప్పుడు భారమంతా ఇంజిన్‌ది, దిగేటప్పుడు బ్రేకులది. అలిపిరి చేరేసరికి ముందు చక్రాలు మసిబారి ఉంటాయి. బ్రేక్ తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ముందు బ్రేకులే ఎక్కువ అరుగుతాయి. చాలా కార్లకు వెనక ఉండేవి డ్రమ్ బ్రేకులు. వాటి పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది.

ఇది రోడ్డు దుమ్ము లాంటిది కాదు. బ్రేక్ తొక్కితే చక్రంతో తిరిగే ఇనుప డిస్క్‌ను ప్యాడ్‌లు అదిమి ఆపుతాయి. అప్పుడు డిస్క్ నుంచి అరిగిన ఇనుప రజను, ప్యాడ్‌లోని రెజిన్ (జిగురు పదార్థం) కలిసి వేడి మీద రాలతాయి, రిమ్ పైనుండే క్లియర్ కోట్‌కు (పారదర్శకమైన పూతకు) అతుక్కుంటాయి. తేమ తగిలితే ఆ ఇనుము తుప్పు పట్టి గోధుమరంగు చుక్కలవుతుంది. పొడిగుడ్డతో రుద్దితే ఆ రజనే ఉప్పుకాగితంలా గీతలు పెడుతుంది. అందుకే ఇక్కడ చేతి బలం కన్నా నీళ్లకూ, ఇనుప రజనును కరిగించే మందుకూ టైమివ్వడం ముఖ్యం.

ఘాట్ దిగి ఇంటికి రాగానే పైపు పట్టుకోకండి. కాలిన డిస్క్ మీద చన్నీళ్లు పడితే అది వంగే ప్రమాదం ఉంది, ఆ తర్వాత బ్రేక్ తొక్కినప్పుడల్లా పెడల్ అదురుతుంది. వేడి రిమ్ మీద మందు కూడా క్షణాల్లో ఆరిపోయి మరక కడుతుంది. గంటసేపు వదిలేయండి. రిమ్‌ను తాకితే చల్లగా తగలాలి. ఎండాకాలంలో అయితే పొద్దున ఏడున్నరలోపు లేదా సాయంత్రం నీడలో కడగడమే మేలు.

రెండు బకెట్లు, కార్ షాంపూ, మెత్తటి కుచ్చు బ్రష్, పాత టూత్‌బ్రష్, మైక్రోఫైబర్ గుడ్డలు, రబ్బరు గ్లౌజులు, పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసి ఉన్న ఐరన్ రిమూవర్, అంటే పైన చెప్పిన మందు, దగ్గర పెట్టుకోండి. నాలుగు చక్రాలకు 150 నుంచి 200 మిల్లీలీటర్ల రిమూవర్ సరిపోతుంది. చక్రాలకు వాడిన బ్రష్‌నూ గుడ్డలనూ బాడీకి వాడొద్దు. బాత్రూమ్ యాసిడ్, టాయిలెట్ క్లీనర్, స్టీల్ పీచు దగ్గరికే రానివ్వకండి. యాసిడ్ పోస్తే రిమ్ నిమిషంలో తెల్లబడే మాట నిజమే, కానీ క్లియర్ కోట్ దెబ్బతిన్న చోటల్లా అది అల్యూమినియాన్నే తినేస్తుంది. వాటర్ సర్వీస్‌కు ఇచ్చినా చక్రాల మీద ఏం కొడుతున్నారో ముందే అడగండి.

ఒక్కో చక్రాన్ని పూర్తిగా ముగించి తర్వాతి దానికి వెళ్లాలి. ముందు నీళ్లు ధారగా కొట్టి, ఊడే పొడినంతా పోనివ్వండి. ప్రెషర్ వాషర్ అయితే అడుగు దూరం తగ్గకూడదు. గాలి పైపుతో మాత్రం ఊదొద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత అయిదు లీటర్ల నీళ్లలో షాంపూ కలిపి (ఎంతన్నది సీసా మీద ఉంటుంది, మామూలుగా రెండు మూడు మూతలు) బ్రష్‌తో కడగండి. బ్రష్‌ను రెండో బకెట్‌లోని మంచినీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. స్పోకుల వెనక, రిమ్ లోపలి గోడ మీదే పొడి ఎక్కువ. నట్ల గుంటల్లోకి టూత్‌బ్రష్ వెళుతుంది. లోపల అంటించిన బ్యాలెన్సింగ్ బరువులను బ్రష్‌తో పెకలించకండి. అవి ఊడితే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది.

నీళ్లు కారిపోయాక ఐరన్ రిమూవర్ స్ప్రే చేయండి. ఇనుము ఉన్నచోట ఊదారంగు తిరిగి కారుతుంది, కుళ్లిన గుడ్డు వాసనా వస్తుంది, అంటే పని చేస్తోందని. మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచండి, ఆరనివ్వకండి. బ్రష్‌తో ఒక్కసారి తేలిగ్గా కదిపి బాగా కడిగేయండి. చుక్కలు మిగిలితే గట్టిగా రుద్దడం కన్నా మందును మళ్లీ ఒకసారి కొట్టడమే నయం. కోటింగ్ లేని, పాలిష్ పట్టిన రిమ్ అయితే ముందుగా కనపడని మూల పరీక్షించండి. అన్నట్టు, వాహన పూజ చేయించిన బండికి పసుపు ఉంటే, క్షారగుణమున్న సబ్బు తగిలి అది ఎర్రబడుతుంది. దాన్ని చూసి తుప్పు అనుకుని కంగారు పడొద్దు. నల్లటి జిగురు చుక్కలు తారువి, వాటికి తార్ రిమూవరే వాడాలి.

బోరు నీళ్లతో కడిగితే ఆరనివ్వకుండా వెంటనే తుడవాలి, లేకపోతే తెల్లమచ్చలు నిలుస్తాయి. ఆర్ఓ ఫిల్టర్ వదిలే నీళ్లు వృథా ఎందుకని వాటితో కడిగేవాళ్లున్నారు. వాటిలో లవణాలు మామూలు నీళ్లకన్నా ఎక్కువ, చివరి కడుగుకు అసలు పనికిరావు.

పూర్తిగా ఆరాక వీల్ సీలెంట్‌ను (రిమ్‌కు రక్షణ పొరలా పూసేదాన్ని) గుడ్డ మీద వేసి పలచగా రాస్తే తర్వాతిసారి పొడి చాలావరకు నీళ్లకే పోతుంది. డిస్క్ మీద అది పడకూడదు, టైర్ పాలిష్ రోడ్డును తాకే ముఖం మీద పడకూడదు. పని అయ్యాక వీధిలో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి, నాలుగైదుసార్లు బ్రేక్ తొక్కి డిస్కులను ఆరబెట్టండి.

ముందు రెండు చక్రాల్లో ఒకదానికే రెండింతల పొడి పడుతుంటే అది శుభ్రం చేస్తే తీరేది కాదు. ఆ వైపు క్యాలిపర్ (ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసి, ప్యాడ్ డిస్కును వదలకుండా రాసుకుంటూ ఉండవచ్చు. ఒకదానికి పొడి అసలే లేకపోయినా అనుమానించాల్సిందే, ఆ చక్రానికి బ్రేక్ సరిగా పడట్లేదేమో. మళ్లీ ఘాట్ ఎక్కేలోపు మెకానిక్‌తో చక్రం విప్పించి చూపించండి.