కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మొరాయిస్తే: బ్యాటరీ మార్చేముందు చూసుకోవలసినవి

ఇన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదనగానే వచ్చే మొదటి మాట "బ్యాటరీ పోయింది, మార్చేయండి". మార్చడమంటే పది పదిహేను వేలతో పని. చాలా ఇళ్లలో అసలు తంటా లోడుతోనో, తక్కువ వోల్టేజీతోనో, ఎండిపోయిన నీళ్లతోనో ఉంటుంది. కింద చెప్పినవన్నీ మన ఇళ్లలో మామూలుగా కనిపించే 900 వీఏ ఇన్వర్టర్, 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ జతను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

కరెంటు పోగానే బీప్‌ బీప్‌మని అరిచి ఆగిపోతోంది

ఓవర్‌లోడ్. పెట్టె మీద 900 అని ఉన్నా అది మోసేది సుమారు 700 వాట్లే. మిక్సీ ఒక్కటే 500 నుంచి 750 వాట్లు తీసుకుంటుంది. రైస్ కుక్కర్ 700, ఐరన్ బాక్స్ 1000 దాకా, గీజర్ 2000. "మేం అవేవీ వేయలేదండీ" అంటారు. కానీ ఇల్లు రంగులు వేయించినప్పుడో, కొత్త సాకెట్ పెట్టించినప్పుడో వంటింటి ప్లగ్గు ఒకటి ఇన్వర్టర్ లైనులో కలిసిపోయి ఉంటుంది. పగటిపూట మెయిన్ ఆపేసి, ఏయే సాకెట్లలో ఇంకా కరెంటు వస్తోందో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. అక్కర్లేనివి ఎలక్ట్రీషియన్‌తో విడదీయించండి. స్విచ్‌లన్నీ ఆపినా ట్రిప్ అవుతుంటే వైరింగులో ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, అది మీరు చూసే పని కాదు.

ఇదివరకు నాలుగైదు గంటలు వచ్చేది, ఇప్పుడు గంట కూడా రావడం లేదు

బ్యాటరీ మీద నేరం మోపేది ఎక్కువగా ఇక్కడే. ముందు లెక్క చూడండి. 12 వోల్టులను 150తో గుణిస్తే 1800 వాట్-అవర్లు. ఇన్వర్టర్ తినేది పోగా, బ్యాటరీని వేగంగా వాడితే తగ్గేది పోగా చేతికొచ్చేది 1100, 1200. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై కలిపితే 200 వాట్లు, అంటే ఐదు గంటల పైమాట. ఈమధ్య ఇంకో ఫ్యాన్, పెద్ద టీవీ చేరి ఉంటే గంటలు తగ్గడంలో వింతేమీ లేదు. ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తినే మోటారు ఉన్నవి) చేస్తే అదే బ్యాటరీ దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. నన్నడిగితే కొత్త బ్యాటరీ కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు అదే.

లోడు పెరగలేదంటే ఛార్జింగ్ సంగతి. ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు కోతలుండే చోట అది ఎప్పుడూ సగంలోనే ఉంటుంది. రాత్రంతా కరెంటున్న మర్నాడు చూసి అప్పుడు తేల్చండి.

తర్వాత నీళ్లు. ప్రతి మూత మీదా ఉండే ఫ్లోట్ ఎర్ర గీత దాకా దిగితే నీళ్లు తక్కువైనట్టే. డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఆర్వో నీళ్లు, మినరల్ వాటర్ బాటిళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పోసేవాళ్లున్నారు. వాటిలోని లవణాలు, మురికి పలకలను పాడుచేస్తాయి. ఆసిడ్ అసలే పోయకూడదు, ఆవిరయ్యేది నీళ్లే.

టెర్మినళ్ల దగ్గర తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి పేరుకుందా? ఆ పొడి వల్ల ఛార్జింగ్ సరిగ్గా ఎక్కదు, కరెంటు సరిగ్గా దిగదు. ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ పీకి, చేతి ఉంగరాలు, గాజులు తీసేసి, ముందు నెగెటివ్ వైరు విప్పండి. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పాత బ్రష్షుతో తోమండి, ఆ నీళ్లు మూతల్లోకి పోకుండా. ఆరాక గట్టిగా బిగించి కొంచెం వాసెలిన్ రాయండి. వదులుగా ఉన్న నట్టు కూడా ఇదే ఇబ్బంది తెస్తుంది.

ఇవన్నీ చేశాకా అంతేనంటే మెకానిక్‌ని హైడ్రోమీటరుతో (బ్యాటరీలోని ఆసిడ్ చిక్కదనం కొలిచేది) రమ్మనండి. ఆరు సెల్లుల్లో ఐదు ఒకలా ఉండి ఒక్కటి బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ నిజంగానే పోయింది. మల్టీమీటరున్నవారు ఇంకో విధంగా చూడొచ్చు. నిండా ఛార్జ్ చేసి, వైర్లు విప్పి కొన్ని గంటలు వదిలేస్తే 12.6 వోల్టులకు పైన ఉండాలి. పదిన్నర దగ్గర ఆగితే ఒక సెల్లు లేనట్టే. ఈ కొలతలు చూపకుండా మార్చమనేవాళ్ల మాట వినకండి. పాత బ్యాటరీలోని సీసానికి ధర ఉంటుంది, బిల్లులో తగ్గించమని అడగండి.

బ్యాటరీ నుంచి కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. ఛార్జింగ్ ఆపండి, కిటికీలు తెరవండి, అగ్గిపుల్ల గీయకండి, మెకానిక్‌కి ఫోన్ చేయండి.

కరెంటు ఉంది, అయినా బ్యాటరీ మీదే నడుస్తోంది

ఊళ్లలో ఎక్కువ. ఇన్వర్టర్ వెనకాల ఒక చిన్న స్విచ్ ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో ఉంటే 180 వోల్టులకు తగ్గగానే ఇన్వర్టర్ బ్యాటరీకి మారిపోతుంది. సాయంత్రాలు లో వోల్టేజీ ఉండే వీధిలో ఇలా బ్యాటరీ ఖాళీ అయిపోతుంది, అసలు కోత వచ్చేసరికి ఏమీ మిగలదు. నార్మల్ మోడ్‌కి మార్చండి. కంప్యూటర్ ఉన్న ఇంట్లో దీనికి ఉల్టా ఇబ్బంది: నార్మల్‌లో ఉంటే కరెంటు పోగానే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. అక్కడ యూపీఎస్ మోడ్ కావాలి.

ఫ్యాన్ గుర్రుమంటోంది

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, అంటే లైను కరెంటులా సాఫీగా కాక మెట్లుమెట్లుగా ఇచ్చేది. ఫ్యాన్‌కి వెంటనే ప్రమాదం లేదు, నిద్రకే. తర్వాత కొనేటప్పుడు సైన్ వేవ్ తీసుకోండి.

ఫ్రిజ్ టక్కుమని ఆగిపోతోంది

నడిచేటప్పుడు 100, 150 వాట్లే తీసుకునే కంప్రెసర్, మొదలయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అది ఇవ్వలేక చతికిలబడుతుంది. మాటిమాటికీ ప్రయత్నిస్తే కంప్రెసర్ దెబ్బతింటుంది. ఇన్వర్టర్ లైను నుంచి ఫ్రిజ్ తీసేయండి. తలుపు తీయకపోతే లోపలి చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు పాలు, చేపలు, మాంసం ముందు వండేయాలి. ఆవకాయ గురించి బెంగ అక్కర్లేదు.

డాబా మీద సోలార్ ఉన్నా ఇల్లు చీకటే

ఇది లోపం కాదు. బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ (వీధి కరెంటు లైనుకు కలిపి నడిచే) సోలార్, కరెంటు పోగానే కావాలనే ఆగిపోతుంది. లేకపోతే మీ డాబా కరెంటు లైనులోకి వెళ్లి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌ని కొడుతుంది. కోతల్లోనూ కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకోవాలి.

అద్దె జనరేటర్ తెచ్చి రెండువైపులా పిన్నులున్న వైరుతో గోడ సాకెట్‌లో గుచ్చేవాళ్లతోనూ ఇదే ప్రమాదం. చేంజోవర్ స్విచ్ (లైను, జనరేటర్లలో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) లేకుండా ఇంటి వైరింగుకి కలపకండి, కావలసిన వస్తువును నేరుగా జనరేటర్‌కే పెట్టుకోండి. వాన పడుతోందని దాన్ని వరండాలోకో మెట్ల కిందికో తేవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసే వీలే లేదు. కిటికీలకు దూరంగా, బయట రేకు కింద పెట్టండి. వైరు తెగి కింద పడిందంటే ముట్టుకోకుండా 1912కి ఫోన్ చేయండి.