ఇష్టం మారినప్పుడు ఏం చేయాలి: ఆటిజం ఉన్న పెద్దవాళ్లకు

ఏళ్ల తరబడి పొద్దున లేవగానే మనసులోకి వచ్చే విషయం ఒక రోజు రావడం మానేస్తుంది. పుస్తకాలు అక్కడే ఉంటాయి, చేయి మాత్రం వాటివైపు పోదు. ఆటిజం ఉన్న మనలో చాలామందికి ఇది జీవితంలో ఒక్కసారితో అయిపోయేది కాదు. అయినా ప్రతిసారీ కొత్తగానే భయమేస్తుంది. ఆ ఇష్టం మనకు కాలక్షేపం కాదు, రోజు గడవడానికి ఆసరా. నాకు చిన్నప్పుడు రైళ్ల టైంటేబుల్, కాలేజీ రోజుల్లో మూలకాల పట్టిక, పెళ్లయ్యాక మేఘాలు. వచ్చిన ప్రతిదీ నన్ను పూర్తిగా ఆక్రమించింది, ఒక్కొక్కటీ తన సమయానికి వెనక్కి తగ్గింది. అలా తగ్గినప్పుడు ఏం చేస్తే మంచిదో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందుగా, దేన్నీ పారేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. అన్నీ ఒక పెట్టెలో సర్ది, ఎక్కడ ఆపారో, ఏ ప్రశ్న మిగిలిపోయిందో ఒక కాగితం మీద రాసి అందులో వేయండి. నా టైంటేబుల్ పుస్తకాలు ఇరవైల్లో అటకెక్కాయి, నలభైల్లో దిగాయి. కాగితం ఉండబట్టి వదిలిన చోటి నుంచే అందుకోగలిగాను.

తర్వాత, ఇష్టం మారిందా, లేక మీలో ఇష్టపడే శక్తే తగ్గిపోయిందా అన్నది చూసుకోవాలి. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, అందుకే దీని మీద కొంచెం టైం పెట్టండి. పాతది వదిలేసినా ఇంకేదో చిన్న విషయం మిమ్మల్ని లాగుతుంటే, అది మామూలు మార్పే. ఏదీ లాగడం లేదు, తిండి రుచించడం లేదు, నిద్ర తేడాగా ఉంది, ఇలా రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దేని మీదా ఆసక్తి లేకపోవడం డిప్రెషన్ ముఖ్య లక్షణాల్లో ఒకటి. చప్పుళ్లు, వెలుతురు ముందుకంటే భరించలేనట్టు అనిపిస్తున్నా, రోజూ చేసే పనులే చేతకాకపోతున్నా అది ఆటిస్టిక్ బర్నౌట్ కావచ్చు, అంటే చాలాకాలపు ఒత్తిడితో శక్తంతా అయిపోవడం. అప్పుడు కావాల్సింది కొత్త ఇష్టం కాదు, విశ్రాంతి, పనుల భారం తగ్గడం.

డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ‘మునుపటిలా లేను’ అంటే సరిపోదు. ‘రోజూ సాయంత్రం మూడు గంటలు దీని గురించి చదివేదాన్ని, నెల నుంచి పుస్తకం తెరవలేదు’ అని చెప్పండి. ఆటిజం గురించి అంతగా తెలియనివారికి మీరు ఒకే విషయాన్ని పట్టుకు వేలాడటం మానేశారంటే మెరుగైనట్టు అనిపించవచ్చు. డాక్టర్లు మానసిక సమస్యల నిర్ధారణకు వాడే అమెరికా పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో కూడా మన ఇష్టాలు రోగ నిర్ధారణ లక్షణాల జాబితాలోనే ఉన్నాయి, తీవ్రతలో అసాధారణమైనవని. కాబట్టి అవి పోవడం మీకు నష్టమని మీరే నోరు తెరిచి చెప్పాలి.

ఇక అన్నిటికంటే పనికొచ్చేది, లోపలి దారం వెతకడం. ‘నాకేం ఇష్టం’ అని కాదు, ‘అందులో ఏ క్షణం ఇష్టం’ అని మిమ్మల్ని మీరే అడగండి. నాకు రైళ్లంటే ఇష్టమని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఇంజిన్ల గురించి నాకేమీ పట్టదు. నిలువు గళ్లలో రైళ్లు, అడ్డంగా స్టేషన్లు, రైలు ఆగని చోట ఖాళీ గడి. ఆ ఖాళీ గడే నా ఆనందం. మెండలీవ్ 1869లో మూలకాల పట్టిక వేసినప్పుడు ఇంకా దొరకని వాటికి చోటు వదిలాడు. 1875లో గాలియం, 1886లో జెర్మేనియం దొరికి ఆ చోట్లలో సరిగ్గా కూర్చున్నాయి. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మేఘాలూ అంతే. ల్యూక్ హోవర్డ్ 1802లో వాటికి పేర్లు పెట్టేదాకా గందరగోళంగా కనిపించిన ఆకాశానికి ఇప్పుడు పది ప్రధాన రకాలతో ఒక అమరిక ఉంది. 2017లో మేఘాల రకాలను నమోదు చేసే అంతర్జాతీయ క్లౌడ్ అట్లాస్‌లో కొత్త పేర్లు కూడా చేరాయి. మూడు విషయాలు, ఒకటే దారం. అది కనిపించాక నాకు మార్పంటే భయం చాలావరకు పోయింది.

మీ దారం వేరే కావచ్చు. నా స్నేహితురాలిది ఎప్పుడూ ఒక మనిషి: మొదట ఒక గాయని, తర్వాత ఒక నవలలో పాత్ర, ఇప్పుడు ఒక శాస్త్రవేత్త ఉత్తరాలు. తోటి అమ్మాయిలకూ ఆ గాయని ఇష్టమే కాబట్టి ఆమె ఇష్టం లోతు చాలాకాలం ఎవరి కంటా పడలేదు.

కొందరికి విషయం అదే ఉండి రూపం మారుతుంది. ఆటిజం ఉన్న అమెరికా పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ టీనేజీలో బంధువుల పశువుల క్షేత్రంలో, ఆవులను రెండు వైపులా నొక్కి పట్టే యంత్రం చూసి, తాను స్థిమితపడడానికి అలాంటిదే చేసుకుంది. ఆ ధ్యాసను స్కూల్లో సైన్స్ మాస్టారు చదువువైపు తిప్పాడు. తర్వాత పశువులను బెదరకుండా నడిపించే ఏర్పాట్ల రూపకల్పనే ఆమె వృత్తి అయింది. ఇష్టం ఉద్యోగమైతే మంచిదే. కానీ డెడ్‌లైన్లు, మీటింగులు అంటని ఒక భాగాన్ని మీ కోసం దాచుకోండి. లేదంటే పనితో పాటు ఆసరా కూడా అలసిపోతుంది.

పాతది పోయి కొత్తది రాని మధ్యకాలం కష్టం. డైనా మర్రే, మైక్ లెస్సర్, వెన్ లాసన్ 2005లో రాసిన వ్యాసంలో ఆటిజం ఉన్నవారి ధ్యాస ఒకేసారి చాలా వాటికి పంచుకోకుండా కొద్దిపాటి విషయాల్లోకే గాఢంగా వెళ్తుందన్నారు. నా అనుభవానికి ఇంత దగ్గరగా వచ్చిన మాట ఇంకోటి లేదు. అలాంటి ధ్యాస కొత్త దారి పట్టడానికి టైం తీసుకుంటుంది. బలవంతంగా హాబీలు మొదలుపెట్టకండి. పాత ఇష్టానికి ఇచ్చిన గంటను మాత్రం వదలొద్దు. అదే కుర్చీలో, అదే వేళకు కూర్చుని పాత నోట్సు సర్దండి, లైబ్రరీలో ఎన్నడూ చూడని అరలోంచి తెచ్చిన పుస్తకం తిరగేయండి.

కొత్తది వచ్చినప్పుడు వరదలా వస్తుంది. 2018లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ల మీద వచ్చిన ఒక అధ్యయనంలో ప్రత్యేక ఆసక్తులున్నప్పుడు జీవితంలో కొన్ని విషయాల్లో తృప్తి ఎక్కువగా కనిపించింది, కానీ మరీ తీవ్రంగా మునిగిపోయినవారిలో క్షేమం తక్కువగా ఉంది. కాబట్టి తిండికి, నిద్రకు అలారం పెట్టుకోండి.

ఇంట్లోవాళ్లకు ఒక్కటే మనవి: ‘హమ్మయ్య, వదిలావా’ అనకండి. ‘ఇప్పుడేం చూస్తున్నావు?’ అని అడగండి చాలు. మా అమ్మ ఇప్పటికీ రైళ్ల వార్త వస్తే కత్తిరించి నాకిస్తుంది. నేను తీసుకుని పెట్టెలో పెడతాను.

వయసు పెరిగేకొద్దీ కళ్లు, చేతులు సహకరించక ఇష్టం ఆగిపోవచ్చు. అప్పుడు విషయం మార్చే ముందు మార్గం మార్చి చూడండి: పెద్ద అక్షరాలు, ఆడియో, పక్కన కూర్చుని చదివిపెట్టే మనిషి. రేపు ఆసుపత్రిలోనో, ఇంకొకరి సంరక్షణలోనో ఉండాల్సి వస్తే అక్కడివాళ్లకు అందేలా మందుల చీటీతో పాటు ఇంకో చీటీ ఉంచండి. మీకు ఏది ఇష్టం, దాన్ని ఎలా ఇష్టపడతారు, ఏ వస్తువు చేతికిస్తే స్థిమితపడతారు అన్నది అందులో ఉండాలి. ఇష్టం మారిన ప్రతిసారీ ఆ చీటీ తిరగరాయండి.