గాల్వనైజింగ్ (ఇనుప పైపులకు జింకు పూత): రిన్స్ తొట్టి (పైపుల మీది ఆసిడ్ కడిగేది) నీళ్లు మార్చే ముందు

☐ గ్లౌజులు, కళ్లద్దాలు, గమ్‌బూట్లు. ఇవి లేకుండా తొట్టి దగ్గరికి పోవద్దు.

☐ పీహెచ్ పేపరు పైపైన ముంచి ఊరుకోకండి. కదలని నీళ్లలో ఆసిడ్, ఇనుము అడుగుకు దిగుతాయి. అడుగు నుంచి మగ్గుతో తీసి చూడండి.

☐ పుల్లదనం విరగ్గొడదామని కాస్టిక్ సోడా గుమ్మరించకండి. పీహెచ్ బాగానే కనిపిస్తుంది గానీ, కరిగిన ఇనుము బురదలా విరిగి సరుకుకు అంటుకుంటుంది. నా లెక్కలో అది పుల్లటి నీళ్లకంటే పెద్ద తలనొప్పి.

☐ అసలు కిటుకు పిక్లింగ్ తొట్టి (ఆసిడ్‌తో తుప్పు వదిలించేది) మీదే ఉంది. పైపులను ఏటవాలుగా ఎత్తి, ధార తెగి చుక్కలయ్యేదాకా ఆపండి. తొందరపడితే ఆ ఆసిడ్, ఇనుము రిన్స్‌లోకి, అక్కణ్నుంచి ఫ్లక్స్‌లోకి (జింకు బాగా పట్టడానికి ముంచే ద్రావణం), చివరికి 450 డిగ్రీల జింకులోకి చేరతాయి. కిలో ఇనుము సుమారు 25 కిలోల డ్రాస్ (జింకు, ఇనుము కలిసిన మడ్డి) చేస్తుంది. అందులో ఎక్కువ భాగం మనం కొన్న జింకే!

☐ పాత నీళ్లను మురుగుకాలువలోకి వదలొద్దు. ఇనుము మరీ ఎక్కువ లేకపోతే కొత్త పిక్లింగ్ ఆసిడ్ కలపడానికి వాడుకోవచ్చు. ముందు నీళ్లు, తర్వాతే ఆసిడ్. మిగిలింది శుద్ధి ప్లాంటుకు పంపండి.