రాయి పడ్డాక నా నీళ్ళూ, నా పళ్ళెం

బెజవాడలో చీరల షాపులో సేల్స్ నా పని. బాత్రూం రెండంతస్తుల కింద. కస్టమర్ ముందు నలభై చీరలు పరిచాక మధ్యలో వదిలి వెళ్ళలేం. అందుకని పొద్దున్నుంచి నీళ్ళే తాగేదాన్ని కాదు. ఏసీలో దాహం కూడా తెలిసేది కాదు. ఒక రోహిణి కార్తెలో నడుం పక్కనుంచి గజ్జల దాకా నొప్పి మెలిపెట్టేసింది. స్కానింగ్‌లో 4 మిల్లీమీటర్ల కిడ్నీ రాయి.

మూత్రం జాలీలో వడకట్టి చూసుకోమన్నారు డాక్టరుగారు. కొత్త టీ జాలీ కొన్నాను (పాతదైతే మా ఆయన మళ్ళీ టీకి వాడేస్తారని భయం). తొమ్మిదో రోజు దొరికింది. నువ్వుగింజ కంటే కాస్త పెద్దది, గోధుమరంగు, చుట్టూ ముళ్ళు. ల్యాబ్‌లో కాల్షియం ఆక్సలేట్ అన్నారు, అంటే కాల్షియం, ఆకుకూరల్లాంటి వాటిలో ఉండే ఆక్సలేట్ కలిసి గట్టిపడ్డ రాయి. ఎక్కువమందికి పడేది ఇదే. మీకు పడినా పారేయకండి, ఏ రాయో తెలిస్తేనే ఏం తినాలో తేలుతుంది.

ఎంత తాగామన్నది కాదు, రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. దానికి నాకు మూడు లీటర్లు పడుతున్నాయి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. లీటరు బాటిల్ ఒకటి షాపుకి బయల్దేరేలోపు, ఒకటి భోజనం వేళకి, ఒకటి సాయంత్రానికి ఖాళీ చేస్తాను. పడుకునే ముందు ఇంకో గ్లాసు. "పది నిమిషాలు నా కౌంటర్ చూడవే" అని పక్కమ్మాయికి చెప్పి మెట్లు దిగుతాను. ఆ మాట అడగడానికి సిగ్గుపడే ఇంత తెచ్చుకున్నాను. మూత్రం చిక్కటి పసుపుగా కనిపిస్తే ఆ రోజు బాటిల్ వెనకబడిందన్నమాట.

"పాలు మానెయ్యమ్మా, అందులో సున్నమే రాయవుతుంది" అంది అత్తయ్య. డాక్టరుగారు సరిగ్గా తిరగేసి చెప్పారు. అన్నంతో పెరుగు తింటే అందులోని కాల్షియం ఆకుకూరల్లోని ఆక్సలేట్‌ని పేగుల్లోనే పట్టేస్తుంది, అది కిడ్నీ దాకా పోదు. మానేస్తేనే ఇబ్బంది. అయితే కాల్షియం బిళ్ళలు సొంతంగా వేసుకోకండి, విటమిన్ సి బిళ్ళలు కూడా.

పాలకూర, తోటకూర, చుక్కకూర, బీట్‌రూట్, బాదం, జీడిపప్పులో ఆక్సలేట్ ఎక్కువ. వారానికి మూడుసార్లు చేసే పాలకూర పప్పు ఇప్పుడు ఒక్కసారే. ఆకు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి పప్పులో కలుపుతాను, చివర్లో పెరుగన్నం తప్పదు. టమాటా గింజలు రాళ్ళవుతాయన్నది ఉత్తమాట.

నాకు కష్టమైంది ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ పోతుంది. రోజుకి అన్నీ కలిపి 5 గ్రాములు, ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడం, చల్లమిరపకాయ మూడూ ఒకే పళ్ళెంలో ఉంటే లెక్క అక్కడే అయిపోతుంది. ఇప్పుడు ఏదో ఒకటే. మాంసం కూడా ఆదివారం నాలుగు ముక్కలతో సరి.

నిమ్మకాయ మంచిది. అందులోని సిట్రేట్ రాయి కట్టకుండా ఆపుతుంది. కాయ పిండి నీళ్ళలో కలుపుకుంటాను, ఉప్పూ పంచదారా లేకుండా.

ఉలవచారు, కొండపిండాకు అని అందరూ చెప్పారు. ఉలవచారు మీగడ వేసుకుని రుచికి తింటాను, అది తిన్నానని బాటిల్ మాత్రం పక్కన పెట్టను.

గుండె జబ్బో, కిడ్నీ పనితీరు తగ్గడమో ఉన్నవాళ్ళు ఎన్ని నీళ్ళు తాగాలో ముందు డాక్టర్నే అడగండి. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా నిమ్మనీళ్ళు కలుపుకుంటూ కూర్చోకండి, ఆ రాత్రే హాస్పిటల్‌కి వెళ్ళండి.