రీసెర్చ్ పేపర్ జర్నల్‌కి పంపే ముందు ఇవి చూస్కోండి

గుంటూరు, బెజవాడ స్కాలర్స్‌కి చెప్తున్నా, సబ్మిట్ కొట్టేముందు ఒక్క గంట ఆగండి.

- "మూడ్రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఫ్రీ" అని వాట్సాప్‌లో వచ్చిందా, వదిలేయండి. మొన్న బ్రాడీపేటలో టీ తాగుతుంటే మా జూనియర్ ఒకటి చూపించాడు, జర్నల్ పేరు నిజమైందే, సైట్ మాత్రం నకిలీ, అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా, డబ్బులు కట్టబోతున్నాడు కూడా! ఐఎస్ఎస్ఎన్ నంబర్‌ని (జర్నల్‌కిచ్చే గుర్తింపు నంబర్) ఐఎస్ఎస్ఎన్ వాళ్ళ పోర్టల్‌లోనే కొట్టి సరిచూడండి.
- యూజీసీ కేర్ లిస్టులో (యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా) ఉందిగా అంటారా, 2025లో ఆ లిస్టే ఎత్తేశారు.
- సిమిలారిటీ (వేరేవాళ్ళ రాతతో కలిసే భాగం) 10 శాతం దాటితే 2018 యూజీసీ రూల్స్‌తో తిప్పలే.
- రిఫరెన్సులు ఒక్కొక్కటీ డీఓఐ (పేపర్‌కుండే శాశ్వత లింకు) నొక్కి తెరవండి, చాట్‌జీపీటీ ఇచ్చినవైతే మరీనూ, లేని పేపర్లు పుట్టించేస్తది. రిట్రాక్ట్ అయిందేమో (జర్నల్ వెనక్కి తీసేసుకుందేమో) కూడా చూడండి.
- పని చెయ్యనోళ్ళ పేరు ఆథర్లలో వద్దు (గైడ్‌గారికి చెప్పడం కష్టమే లెండి).
- రా డేటా రెండుచోట్ల దాచుకోండి.