కతోలిక చర్చిలో పెళ్లికి ముందు చూసుకోవాల్సినవి

తిరుపతిలో హాలు దొరకదేమోనన్న టెన్షన్‌తో ముందే అడ్వాన్సు కట్టేసి, తర్వాత ఫాదర్ గారి దగ్గరికి వెళ్తుంటారు. ఈ వరస తిప్పేయండి. మూడు నెలల ముందే ఆయన్ని కలవండి.

□ జ్ఞానస్నానం (బాప్తిస్మం) సర్టిఫికెట్ కొత్తగా తీయించండి. బీరువాలో లామినేషన్ చేసి దాచింది పనికిరాదు. పెళ్లయితే ఆ సంగతి జ్ఞానస్నానం రిజిస్టరులోనే పక్కన రాస్తారు, తాజా కాపీ అడిగేది అందుకే. పేరు కూడా చూసుకోండి. మా చెల్లెలి కాగితంలో మరియమ్మ, ఆధార్‌లో మేరీ. ఆ అక్షరాల కోసం మా నాన్న రెండుసార్లు చిత్తూరు బస్సెక్కాడు.

□ చాటింపులు, అంటే ఫలానా ఇద్దరికి పెళ్లని చర్చిలో ప్రకటించడం, మామూలుగా మూడు ఆదివారాలు. తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు) పెళ్లి పెట్టుకోకండి.

□ ఒకరు హిందువులైతే పీఠాధిపతుల (బిషప్ గారి) అనుమతి తప్పదు. మనది కడప మేత్రాసనం (బిషప్ గారి కింద ఉండే ప్రాంతం), ఆ కాగితానికి టైం పడుతుంది. మతం మారితేనే పెళ్లి అని ఎవరన్నా అంటే నమ్మకండి. తన విశ్వాసం వదలనని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి చేతనైనంత చేస్తానని కతోలిక పక్షం మాటివ్వాలి.

□ "ఇష్టపడే చేసుకుంటున్నావా?" అని ఫాదర్ ఇద్దరినీ విడివిడిగా అడుగుతారు. అమ్మ పక్కనుందని తలూపకండి. బలవంతపు పెళ్లి చర్చి దృష్టిలో పెళ్లే కాదు.

□ పిల్లల సంగతి ముందే మాట్లాడుకోండి. గర్భనిరోధక సాధనాలు వద్దని, సహజ పద్ధతులు పాటించవచ్చని 1968లో ఆరవ పౌలు పోపు రాసిన లేఖ చెబుతుంది. పెళ్లికి ముందు చర్చి పెట్టే శిక్షణ క్లాసులో ఇది వచ్చేసరికి అందరూ నేల చూపులే! సిగ్గుపడకుండా అడగండి.

□ పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ముందురోజే. పెళ్లిరోజు పొద్దున మేకప్ ఆవిడ కుర్చీలోంచి లేవనివ్వదు.