స్టీలు చెంచాను ఫోటో అనిపించేలా వెక్టర్‌లో గీయడం ఎలా?

ఫోటోను ఇమేజ్ ట్రేస్‌లో (ఫోటోను తనంతట తానే ఆకారాలుగా మార్చే టూల్) పడేసి, వచ్చిన ముక్కల కుప్పను వెక్టర్ బొమ్మ (పిక్సెళ్లతో కాక గీతలు, ఆకారాలతో కట్టింది) అని చూపించేవాళ్లు ఇది చదవనక్కర్లేదు. ఆ కుప్పలో ఒక్క నీడ మార్చాలన్నా వందల ముక్కలు కదపాలి.

కావలసినవి: అడోబీ ఇలస్ట్రేటర్ (వెక్టర్ బొమ్మలు గీసే ప్రోగ్రాం), ఒక చెంచా, ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుగులో తీసిన దాని ఫోటో. ఇంక్‌స్కేప్ అనే ఉచిత ప్రోగ్రాంలోనూ మెష్ (ఆకారం మీద వలలా పరిచే గీతలు, అవి కలిసే ఒక్కో పాయింట్‌కు ఒక్కో రంగు వేయొచ్చు) ఉంది కానీ మెనూలు వేరు.

1. ఫోటోను కింది లేయర్‌లో పెట్టి లాక్ చేయండి. రంగులు తీసుకోవడానికి ఇంకో కాపీ పక్కన ఉంచండి.

2. పెన్ టూల్‌తో గుంట వేరుగా, కాడ వేరుగా అంచులు గీయండి. పాయింట్లు ఎంత తక్కువైతే గీత అంత నున్నగా వస్తుంది.

3. ఇప్పుడు గ్రేడియెంట్ మెష్. బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

గీసిన అంచునే ఎంచుకుని మెష్‌గా మార్చేయకండి. వంపులున్న ఆకారంలో మెష్ గీతలు అంచుల దగ్గర ముడిపడి, ఎంత సర్దినా లొంగవు. గుంట కంటే కాస్త పెద్ద దీర్ఘచతురస్రం గీసి, దానికి 2 అడ్డు వరసలు, 2 నిలువు వరసల మెష్ ఇవ్వండి. దాన్ని డైరెక్ట్ సెలెక్షన్‌తో (ఒక్కో పాయింట్‌ను విడిగా కదిపే టూల్) గుంట వంపుకు తగ్గట్టు వంచండి. చివర్లో అంచు కాపీని పైన పెట్టి క్లిప్పింగ్ మాస్క్ చేస్తే మిగతాది కనపడదు. కాడకూ ఇదే పద్ధతి.

మెష్ లోపల గీతలు లేని చోట మెష్ టూల్‌తో నొక్కితే ఒక అడ్డగీత, ఒక నిలువుగీత రెండూ పుడతాయి. ఉన్న గీత మీదే నొక్కితే ఒక్కటే వస్తుంది. నొక్కేటప్పుడు షిఫ్ట్ పట్టుకోండి, లేకపోతే అప్పుడున్న రంగు ఆ పాయింట్‌కు అంటుకుంటుంది. అక్కర్లేని గీతను ఆల్ట్ పట్టుకుని నొక్కితే పోతుంది. ముందున్న పాయింట్లన్నిటికీ రంగులు వేశాకే కొత్త గీత గురించి ఆలోచించండి. మొదట్లోనే 20 వరసలు పెట్టినవాళ్ల చెంచా నలిగిన కాగితంలా ఉంటుంది.

రంగులు ఐడ్రాపర్‌తో తీసుకోండి. ముందు ఆ టూల్ మీద డబుల్ క్లిక్ చేసి, శాంపిల్ సైజును 5 x 5 సగటుకు మార్చండి. ఒక్క పిక్సెల్‌ను నమ్ముకుంటే ఫోటోలోని నాయిస్ (అక్కడక్కడా తేడాగా ఉండే రంగు చుక్కలు) అంతా బొమ్మలోకి వస్తుంది.

4. మెత్తగా మారే రంగులకే మెష్. స్టీలులో వెలుగు పక్కనే దాదాపు నల్లటి పట్టీ కత్తిరించినట్టు ఉంటుంది. వాటిని పెన్‌తో విడి ఆకారాలుగా గీసి మెష్ పైన పెట్టండి. బూడిద రంగు నుంచి తెలుపుకు ఒక గ్రేడియెంట్ లాగేసి స్టీలు అనకండి, అది ప్లాస్టిక్. గుంటలో గది తలకిందులుగా కనిపిస్తుంది, తెలివిగా దాన్ని నిటారు చేయొద్దు. స్వచ్ఛమైన తెలుపు ఒకటి రెండు చోట్ల చాలు.

5. నీడకు బ్లర్ ఎఫెక్ట్ వాడొద్దు, అది పిక్సెళ్ల పని. పెద్ద దీర్ఘవృత్తానికి 0 ఒపాసిటీ ఇచ్చి (అంటే అసలు కనపడకుండా చేసి), దాని మీద చిన్న ముదురుది పెట్టి, రెండింటినీ బ్లెండ్ చేసి (ఒకదాని నుంచి ఇంకోదానికి మెల్లగా మారేలా కలిపి) మల్టిప్లై మోడ్‌లో (కింది రంగును ముదురు చేసేది) ఉంచండి.

6. ప్రింట్‌కైతే పీడీఎఫ్ ఇవ్వండి. వెబ్‌లో వాడే వెక్టర్ ఫార్మాట్ ఎస్‌వీజీ 1.1లో మెష్ లేదు, అలా ఎక్స్‌పోర్ట్ చేస్తే మెష్ భాగాలు మామూలు బిట్‌మ్యాప్‌గా, అంటే పిక్సెళ్ల బొమ్మగా మారిపోతాయి. వెబ్‌కు పెద్ద సైజు పీఎన్‌జీ తీసి, అసలు ఏఐ ఫైలును (ఇలస్ట్రేటర్ సొంత ఫైలు) మీ దగ్గరే ఉంచుకోండి.